ఏజెన్సీ గ్రామాల్లో జనన ధ్రువీకరణ పత్రం: ముందు పాత రిజిస్టరు, తరువాతే కొత్త దరఖాస్తు

జనన ధ్రువీకరణ పత్రం ఎక్కడో ఒక రిజిస్టరులో ఉన్న ఒక వరుసకు నకలు మాత్రమే. ఈ ఒక్క సంగతి ముందుగా మనసులో పెట్టుకుంటే పాడేరు, రంపచోడవరం, చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు ఏజెన్సీ గ్రామాల నుంచి పత్రం కోసం కొండ దిగి వచ్చేవారికి తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. సాధారణంగా జరిగేది వేరు. మీసేవ కేంద్రానికో, గ్రామ సచివాలయానికో వెళ్లి బర్త్ సర్టిఫికెట్ కావాలని అడుగుతారు. కంప్యూటరులో పేరు కనిపించదు. లేదన్న జవాబు విని నేరుగా లేట్ రిజిస్ట్రేషన్‌కు, అంటే ఆలస్యంగా చేయించుకునే కొత్త నమోదుకు, దరఖాస్తు పెడతారు. కంప్యూటరులో లేకపోవడం వేరు, రిజిస్టరులో లేకపోవడం వేరు. పాత పుస్తకాలలోని వివరాలు ఎన్నో ఇంకా కంప్యూటరుకు ఎక్కలేదు. పాత నమోదు ఉండగా దాన్ని వెతకకుండా కొత్తది చేయించుకుంటే ఒకే మనిషికి రెండు జననాలు నమోదై, తరువాత ఏ పాస్‌పోర్టు విచారణలోనో, ఉద్యోగ విచారణలోనో అది బయటపడి, ఎన్నడూ లేని చిక్కు తెచ్చిపెడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వెతకడం గురించే ఉంటుంది.

ప్రస్తుతం దేశమంతటా వర్తించేది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. మన ప్రాంతంలో అది 1970 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు వంటి వాటన్నిటికీ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువీకరణ పత్రమే రుజువు. అంతకుముందు పుట్టినవారికి బడి రికార్డులు, పదో తరగతి ధ్రువపత్రం వంటి ప్రత్యామ్నాయాలు చాలాచోట్ల చెల్లుతున్నాయి. కాబట్టి 60 ఏళ్ల వృద్ధునికి ఈ పత్రం నిజంగా అవసరమా అన్నది తిరుగుడు మొదలుపెట్టక ముందే అడిగి తెలుసుకోవాలి. అడిగిన కార్యాలయం వేరే రుజువుతో సరిపెట్టుకుంటుందంటే, ఆ రుజువు చేతిలో ఉంటే, ఇంత శ్రమ అక్కరలేదు.

ముందుగా తేల్చవలసింది: బిడ్డ ఎక్కడ పుట్టింది

జననం నమోదు కావలసింది బిడ్డ పుట్టిన చోట. తల్లిదండ్రుల ఇల్లు, రేషన్ కార్డులోని ఊరు, ఓటు ఉన్న ఊరు ఇక్కడ లెక్కలోకి రావు. వినడానికి ఇది చిన్న విషయంలా కనిపించినా, నా అనుభవంలో దొరకని నమోదులలో చాలా వాటికి కారణం ఇదే. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన దగ్గర మామూలు. అయినా కుటుంబ సభ్యులు వెతికేది తండ్రి ఊరి పంచాయతీలో. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వైపు గర్భిణులు కాన్పుకు భద్రాచలం ఆసుపత్రికి వెళ్లడం పరిపాటి. అక్కడ పుట్టిన బిడ్డ ఆంధ్రప్రదేశ్ గ్రామానికి చెందినదైనా, ఆ జననం నమోదు కావలసింది తెలంగాణలోనే, పత్రం తెచ్చుకోవలసిందీ అక్కడి నుంచే. అదే విధంగా ముంచంగిపుట్టు వైపు సరిహద్దు గ్రామాల నుంచి ఒడిశా ఆసుపత్రికి వెళ్లి ప్రసవించినవారికి ఒడిశా రిజిస్ట్రారే (జననాలు నమోదు చేసే అధికారే) పత్రం ఇవ్వాలి. మన గ్రామ సచివాలయంలో ఎన్నిసార్లు అడిగినా అక్కడ ఉండని వరుసను ఎవరూ తీసి ఇవ్వలేరు.

దారిలో పుట్టిన బిడ్డల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఏజెన్సీలో ఇది అరుదైన విషయం కాదు. నడుస్తున్న వాహనంలో జననం జరిగితే ఆ వాహనం మొదట ఆగిన చోటి రిజిస్ట్రారుకు, వాహనం నడిపే బాధ్యతలో ఉన్న వ్యక్తి సమాచారం ఇవ్వాలని నియమం. వాహనం అంటే మోటారు బండి ఒక్కటే కాదు. పడవ, ఎడ్లబండి, టాంగా, రిక్షా కూడా ఆ మాటలోకి వస్తాయి. 108 వాహనంలో పుట్టిన బిడ్డకు ఆసుపత్రి వారు అడ్మిషన్ కాగితంలో ఏమి రాశారన్నది చూడాలి: దారిలో ప్రసవం అని రాసి ఉంటే ఆసుపత్రిలో జరిగిన ప్రసవాల పుస్తకంలో ఆ పేరు ఉండకపోవచ్చు. డోలీలో మోసుకొస్తుండగా పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం ఏ గ్రామ పరిధిలో పుట్టిందో ఆ పంచాయతీ కార్యదర్శికే ఇంటివారు చెప్పుకోవడం మేలని నా అభిప్రాయం. కట్టెల డోలీ వాహనమా కాదా అన్న వాదనతో కాలం పోగొట్టుకోవడం కంటే, మోసినవారిలో ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసి ఇవ్వడం త్వరగా తెమిలే పని.

ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి ఇటు అడవుల్లో స్థిరపడిన కుటుంబాలకు ఒక మాట. పెద్దలు అక్కడ పుట్టి ఉంటే వారి నమోదు అక్కడే ఉంటుంది, లేదా అక్కడే చేయించుకోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లల నమోదుకు మాత్రం తల్లిదండ్రుల కులం, రేషన్ కార్డు, స్థిర నివాసం అడ్డు కావు. తల్లిదండ్రుల ఆధార్ సంఖ్య ఉంటే ఇవ్వాలని చట్టం అంటుంది. లేదని నమోదునే తిరస్కరించమని అనదు.

ఆ ఏడాది పుస్తకం ఎవరి దగ్గరకు చేరింది

చోటు తేలాక, ఆ సంవత్సరంలో ఆ ఊరి పుస్తకం ఎవరు రాసేవారు, అది ఇప్పుడు ఎక్కడుంది అన్నది రెండో ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఊరి చరిత్రే.

పూర్వపు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ప్రాంతాలలో గ్రామ మునసబు, కరణం జనన మరణాల లెక్క రాసేవారు. 1899 నాటి మద్రాసు చట్టం అందుకు ఆధారం. నిజాం ఏలుబడిలో ఉన్న ప్రాంతాలలో పటేలు, పట్వారీల చేతిలో గ్రామ లెక్కలు ఉండేవి. వాటిలో చాలా భాగం ఉర్దూలో, ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కోస్తా వైపు ఫసలీ జూలైలో మొదలవుతుంది, పాత హైదరాబాదు రాజ్యంలో అది అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి 1357 ఫసలీ అని కనిపిస్తే హైదరాబాదు లెక్కన అది 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా నడిచిన సంవత్సరం. ఉర్దూ చదవగలిగిన వృద్ధుడు ఒకరు తోడుంటే అలాంటి చోట పని తేలికవుతుంది. చదవలేని గుమాస్తా పుస్తకం తెరిచి, ఇందులో ఏమీ లేదని మూసివేయడం నేను చూశాను.

మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులు 1984 జనవరిలో రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. అంటే 1985కు ముందు పుట్టినవారి పుస్తకం తాలూకా కచేరీ నుంచి ఏదో ఒక మండలానికి పంపకంలో వచ్చి ఉండాలి, లేదా పాత తాలూకా కేంద్రంలోని రికార్డు గదిలోనే మిగిలిపోయి ఉండాలి. రెండు చోట్లా అడగకుండా లేదని నమ్మకూడదు. ఇటీవలి కాలానికి వస్తే నియమం ఇలా ఉంది: పంచాయతీ దగ్గరి రిజిస్టరు, ఆ సంవత్సరం ముగిశాక మరో 12 నెలలు రిజిస్ట్రారు దగ్గర ఉండి, తరువాత భద్రపరిచే అధికారికి చేరాలి. మన రెండు రాష్ట్రాల గ్రామీణ ప్రాంతంలో అది సాధారణంగా తహసీల్దారు కార్యాలయం. జనన రిజిస్టర్లు శాశ్వత ప్రాధాన్యం గల రికార్డులు. వాటిని ధ్వంసం చేయరాదని నియమాలలో స్పష్టంగా ఉంది. కాలం తీరిపోయి తీసేశామన్న జవాబు వస్తే, తీసేసిన ఉత్తర్వు చూపమని మర్యాదగా అడగవచ్చు.

జిల్లాల సరిహద్దులు మారిన చోట ఈ వెతుకులాట ఇంకా మెలిక తిరుగుతుంది. చింతూరు, కూనవరం ప్రాంతాన్నే తీసుకుందాం. భద్రాచలం, నూగూరు తాలూకాలు మొదట తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిశాయి. రాష్ట్ర విభజన తరువాత 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం సహా కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి తూర్పు గోదావరిలో చేరాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కూనవరం దగ్గర 1956లో పుట్టిన వ్యక్తి ఇల్లు కదలకుండానే 2022 నాటికి జిల్లా మూడుసార్లు మారింది. 1990లో అక్కడ పుట్టిన వ్యక్తి పత్రం పాతదైతే దాని మీద ఖమ్మం జిల్లా అని ఉంటుంది. అది తప్పు కాదు, దిద్దించుకోవలసిన అవసరమూ లేదు. తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలు పెరిగినప్పుడు ఆదిలాబాదు, వరంగల్, ఖమ్మం గ్రామాలకూ ఇటువంటి మార్పే వచ్చింది. దరఖాస్తులో ఊరి పేరు పక్కన పూర్వపు జిల్లా, పూర్వపు తాలూకా, ప్రస్తుత మండలం మూడూ రాయడం అలవాటు చేసుకోవాలి.

ఊరి పేరుతోనూ జాగ్రత్త అవసరం. ఏజెన్సీలో ఒక పంచాయతీ కింద పదో పదిహేనో గూడేలు ఉంటాయి; రెవెన్యూ గ్రామం పేరు ఒకటి, పంచాయతీ పేరు మరొకటి, జనం పిలిచే గూడెం పేరు ఇంకొకటి. ఒకసారి 1979లో పుట్టిన ఒక మనిషి వరుస కోసం ఒక రికార్డు గదిలో రెండు రోజులు కూర్చున్నాము. పంచాయతీ పేరుతో ఉన్న పుస్తకంలో లేదు. మూడో రోజు, పంచాయతీలు విడిపోకముందు ఆ గూడెం చేరి ఉన్న పాత గ్రామం పేరు ఒక ముసలాయన చెప్పాడు; ఆ పుస్తకం తెరిస్తే అరగంటలో దొరికింది. అయితే అక్కడ మేము వెతుకుతున్న మనిషి పేరు లేదు. పేరు గడిలో గీత గీసి, లింగం గడిలో మగ అని, తండ్రి పేరు మాత్రం ఉంది. పాత వరుసలు తరచూ ఇలాగే ఉంటాయి, ఎందుకంటే సమాచారం ఇచ్చేనాటికి బిడ్డకు పేరు పెట్టి ఉండరు. అందుచేత పాత రిజిస్టరులో వెతకవలసింది బిడ్డ పేరుతో కాదు. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, తేదీతో. ఇంటిపేరు కూడా ఒక్కొక్కచోట ఒక్కో విధంగా రాసి ఉంటుంది, కొన్నిచోట్ల అసలే ఉండదు.

ఏ ఏడాదో తెలియనప్పుడు

వెతకడానికి కనీసం రెండు మూడేళ్ల పరిధి అయినా చేతిలో ఉండాలి. ఆధార్‌లోని తేదీని నమ్మి బయలుదేరితే దారి తప్పుతాము. గూడెం మొత్తం జనవరి 1న పుట్టినట్లు ఉండే ఆధార్ కార్డులు ఏజెన్సీలో సర్వసాధారణం. కార్డు తీసేటప్పుడు వయసు అడిగి, అందులోంచి సంవత్సరం లెక్కగట్టి, తేదీ గడి నింపారంతే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆ కార్డు ఇచ్చే సంస్థే 2023 చివరలో స్పష్టం చేసింది కూడా.

దానికంటే తల్లిని, మేనత్తను, మంత్రసానిని కూర్చోబెట్టి అడగడం మేలు. ఏ తేదీ అని అడిగితే జవాబు రాదు. ఏ పండగకు, ఏ పంటకు, ఏ వానకు అని అడగాలి. బిడ్డ పుట్టినప్పుడు కొత్తల పండగ అయిందా, కాలేదా? పోడులో విత్తనం చల్లారా, కోతలయ్యాయా? గోదావరి తీరం వెంబడి 1986 ఆగస్టు వరదను మరచిపోయినవారు లేరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన ఏడాది అది. వరదకు గుట్ట ఎక్కినప్పుడు చంకలో ఉన్న బిడ్డ ఎవరు, కడుపులో ఉన్న బిడ్డ ఎవరు అని అడిగితే తల్లులు తడుముకోకుండా చెబుతారు. ఆదిలాబాదు గోండు గూడేలలో 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు అటువంటి గుర్తు. విశాఖ మన్యంలో 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను మరొకటి. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో వస్తుంది కనుక, జాతరకు నెలల బిడ్డను ఎత్తుకెళ్లామని తల్లి చెబితే ఒక ఏడాది విడిచి ఒక ఏడాదే చూడవచ్చు. తెలుగు సంవత్సరం పేరు గుర్తున్నవారి పని మరీ తేలిక: అక్షయ అంటే 1986 ఉగాది నుంచి 1987 ఉగాది దాకా, ప్రభవ అంటే ఆ తరువాతి ఏడాది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి మనిషి వయసును బట్టి ఏ ప్రభవో తెలిసిపోతుంది.

అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వరుసను కూడా ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎవరి తరువాత ఎవరు, మధ్య ఎన్ని పంటలు, పోయిన బిడ్డలు ఎవరైనా ఉన్నారా అన్నది రాస్తే పరిధి తగ్గుతుంది. ఇది చేయకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. అన్నకు ఆధార్ ప్రకారం జనవరి 1, తమ్ముడికి బడిలో వేసిన ప్రకారం అదే సంవత్సరం జూన్ 1. ఇద్దరి దరఖాస్తులూ ఒకే తల్లి పేరుతో ఒకే కార్యాలయానికి వెళ్లాయి. ఐదు నెలల తేడాతో ఇద్దరు బిడ్డలను కన్నారా అమ్మా అని గుమాస్తా అడిగితే ఆ తల్లి నవ్వింది గానీ, రెండు దరఖాస్తులూ వెనక్కి వచ్చాయి.

వెతకమని రాతపూర్వకంగా అడగడం

చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా నిర్ణీత రుసుము చెల్లించి రిజిస్టరులో ఒక నమోదును వెతికించుకొని ధ్రువీకరణ పత్రం పొందవచ్చు. వెతికే సంవత్సరాల సంఖ్యను బట్టి రుసుము పెరుగుతుంది, అయినా అది చిన్న మొత్తమే. దరఖాస్తులో తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఊరు, గూడెం పేరు, రెవెన్యూ గ్రామం, పూర్వపు తాలూకా, వెతకవలసిన సంవత్సరాల పరిధి రాయాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే లేదంటారు; దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటే పుస్తకం తెరుచుకునే అవకాశం ఎక్కువ.

వెతికిన తరువాత నిజంగా దొరకకపోతే, దొరకలేదని ఒక పత్రం ఇవ్వాలి. నమూనా నియమాలలో అది 10వ ఫారం. జనం నోట నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్. చాలామంది దీన్ని ఓటమి కాగితంలా చూస్తారు. నిజానికి లేట్ రిజిస్ట్రేషన్‌కు ఇదే మొదటి మెట్టు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ గ్రామం పుస్తకాలు వెతికారో అందులో స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. మీరు అడిగిన సంవత్సరం పుస్తకమే కార్యాలయంలో లేకపోతే, నమోదు లేదని కాకుండా రిజిస్టరే లభ్యం కాలేదని రాయించుకోవాలి. ఈ రెండు మాటల మధ్య తేడా, లేట్ రిజిస్ట్రేషన్‌కు ఉత్తర్వు ఇచ్చే ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి) ముందు విచారణలో ఉపయోగపడుతుంది.

జవాబే రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాలలో గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు. ఫలానా గ్రామానికి ఫలానా సంవత్సరాల జనన రిజిస్టర్లు ప్రస్తుతం ఏ కార్యాలయ అధీనంలో ఉన్నాయి, ఎప్పుడు ఎవరికి అప్పగించారు అని అడగాలి. నా బిడ్డకు సర్టిఫికెట్ ఎందుకు ఇవ్వలేదు అని అడిగితే అది సమాచారం కాదంటారు. 30 రోజులలో జవాబు రావాలి.

ప్రభుత్వ పుస్తకం బయట దొరికే ఆధారాలలో బడి అడ్మిషన్ రిజిస్టరు మొదటిది. ఆశ్రమ పాఠశాలల పాత రిజిస్టర్లు చాలావరకు భద్రంగానే ఉంటాయి. తేదీని ఎవరు చెప్పారన్న దానిమీద ఆ వరుస బలం ఆధారపడుతుంది. తండ్రి సంతకమో వేలిముద్రో పక్కన ఉంటే ఒక మాట, బడికి తగిన వయసు వచ్చేలా ఉపాధ్యాయుడే జూన్ నెలలో ఒక తేదీ వేసి ఉంటే ఇంకొక మాట. తరువాతిది చర్చి రిజిస్టరు. దుమ్ముగూడెం ప్రాంతంలో 19వ శతాబ్దం నుంచే మిషనరీలు కోయల మధ్య పనిచేశారు, ఉత్తర కోస్తా వైపు బాప్టిస్టులు పనిచేశారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది: ఆంగ్లికన్, కేథలిక్ సంఘాలలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు కనుక ఆ తేదీ పుట్టిన తేదీకి దగ్గరగా ఉంటుంది, పుట్టిన తేదీ కూడా తరచూ పక్కనే రాస్తారు. బాప్టిస్టు సంఘాలలో విశ్వసించిన పెద్దవారికే ఇస్తారు కనుక ఆ తేదీని పుట్టిన తేదీగా చూపితే వయసు పదిహేనేళ్లు తగ్గిపోతుంది. పాత ఓటరు జాబితా వయసును చెబుతుందే గానీ తేదీని చెప్పదు. తోడు ఆధారంగా మాత్రం పనికొస్తుంది. జనగణన కాగితాల కోసం అడగడం వృథా. వ్యక్తుల వివరాలు రహస్యమని, సాక్ష్యంగా చెల్లవని 1948 నాటి జనగణన చట్టమే చెబుతోంది.

ఇటీవలి పిల్లలకైతే ఏఎన్‌ఎం రిజిస్టరు, తల్లీబిడ్డల రక్షణ కార్డు, టీకాల కార్డు, అంగన్‌వాడీ పుస్తకం అన్నిటికంటే బలమైనవి, ఎందుకంటే అవి పుట్టిన కొద్ది రోజులకే రాసినవి. కొండ ఇంట్లో వానకు తడిసి, చూరులో పొగపట్టి అక్షరాలు చెదిరిన కార్డునైనా పారేయవద్దు. దానిమీద గర్భిణి నమోదు సంఖ్య కనిపిస్తే చాలు, ఆరోగ్య కేంద్రంలో మిగతా వివరాలు తీయవచ్చు.

ఏడాది దాటిన జననాన్ని కొత్తగా నమోదు చేయించుకోవడం

జననం జరిగిన 21 రోజులలోపు సమాచారం ఇస్తే నమోదూ, మొదటి పత్రమూ ఉచితం. 21 దాటి 30 రోజులలోపు అయితే ఆలస్య రుసుము. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు లేదా ప్రభుత్వం నిర్దేశించిన అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. 2023 సవరణ తరువాత దీనికి నోటరీ అఫిడవిట్ బదులు స్వయంగా ధ్రువీకరించిన పత్రం సరిపోతుంది. ఏడాది దాటితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. ఆచరణలో అది ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు ఉత్తర్వు.

దరఖాస్తుతో పాటు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, పుట్టిన తేదీకి దొరికిన అతి పాత రాత ఆధారం, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల వాంగ్మూలం పెట్టాలి. పలు కార్యాలయాలు అఫిడవిట్ కూడా అడుగుతాయి. దరఖాస్తు తహసీల్దారుకు విచారణకు వెళుతుంది. రెవెన్యూ సిబ్బంది ఊరికి వచ్చి పొరుగువారిని అడిగి పంచనామా రాస్తారు, ఆ నివేదిక మీద ఉత్తర్వు వస్తుంది. విచారణకు వచ్చే రోజు ముందే తెలుసుకొని, సాక్షులు పోడుకో సంతకో వెళ్లకుండా చూసుకోవడం మన బాధ్యత. సాక్షికి తెలుగు సరిగా రాకపోతే కోయ, గోండి, కువి, సవర మాట్లాడేవారు ఒకరు పక్కన ఉండాలి. తెలియని భాషలో రాసిన వాంగ్మూలం కింద వేలిముద్ర వేయడం ఎవరికీ మంచిది కాదు.

ఇక్కడ ఒక విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. పాత రాత ఆధారం ఒకటి ఉన్నప్పుడు దానికి భిన్నమైన తేదీని, ఉద్యోగ వయోపరిమితికో పెళ్లి వయసుకో అనుకూలంగా, వేయించాలని చూడకూడదు. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం చట్టం కింద నేరం. నేరం సంగతి అటుంచినా, బడి టీసీతో, తోబుట్టువుల తేదీలతో పొసగని తేదీ జీవితాంతం ప్రతి కార్యాలయంలోనూ సంజాయిషీ అడుగుతుంది.

ఉత్తర్వు చేతికి రావడంతో పని ముగియదు. దాన్ని పుట్టిన చోటి రిజిస్ట్రారుకు ఇస్తే ఆయన ప్రస్తుత సంవత్సరపు రిజిస్టరులో, ఉత్తర్వు సంఖ్యతో సహా నమోదు చేస్తాడు. పత్రంలో పుట్టిన తేదీ పాతది, నమోదు తేదీ కొత్తది ఉంటుంది, అది సహజమే. రిజిస్ట్రారు తిరస్కరిస్తే 30 రోజులలో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు.

దొరికిన పాత వరుసలో బిడ్డ పేరు లేకపోతే కొత్త నమోదు అక్కరలేదు. 12 నెలలలోపు ఉచితంగా, ఆ తరువాత నమోదు తేదీ నుంచి 15 ఏళ్ల దాకా రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. అంతకంటే పాతవాటి విషయంలో ప్రభుత్వం అప్పుడప్పుడు గడువు పొడిగిస్తూ వచ్చింది కనుక అడిగి చూడాలి. అక్షర దోషాలను 15వ సెక్షన్ కింద సరిచేస్తారు. అసలు రాతను కొట్టివేయరు, మార్జిన్‌లో సవరణ రాసి సంతకం చేస్తారు. మా ఊరి మనిషి దిద్దుబాటు రాత లేని శుభ్రమైన పేజీ కావాలని పట్టుబట్టి వారం రోజులు కార్యాలయం చుట్టూ తిరిగాడు; మార్జిన్ రాత ఉన్న పేజీయే సరైన పేజీ అని నమ్మించడానికి నాకు ఇంకో రోజు పట్టింది.

పత్రం తీసుకునే రోజున అక్కడే నిలబడి నాలుగు విషయాలు చూసుకోవాలి. తల్లి, తండ్రి పేర్లు వారి ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోతున్నాయా, పుట్టిన చోటు గూడెం పేరుతో ఉందా, నమోదు సంఖ్య కనిపిస్తోందా, ఆ వివరాలు కంప్యూటరులో కూడా ఎక్కాయా? చివరిది ఎక్కకపోతే చేతిలోని కాగితం సరైనదే అయినా ఆన్‌లైన్ తనిఖీలో దొరకదు, మళ్లీ కొండ దిగాలి. ఎక్కించమని ఆ పూటే ఒక అర్జీ రాసి ఇచ్చి, దాని రసీదును పత్రంతో కలిపి దాచుకోవాలి.